ఇద్దరినే దించుకున్నాను

బడి ఆటో సీటు కింద నుంచి ఒక నీటి బొట్టు జారి నా పాదం మీద పడింది. చల్లగా ఉంది. ఏప్రిల్ నెల. గద్వాలలో వాన పడి చాలా రోజులైంది. ఒంటిపూట బళ్ళు కాబట్టి పొద్దున్నే పిల్లలను ఆటో ఎక్కిస్తున్నాను. బాబు బ్యాగు సీటు కిందికి తోయబోతుంటే ఆ బొట్టు పడింది. ఇంకో బొట్టు కోసం చూశాను. అది కూడా పడింది. ఆ నీళ్ళు ఎక్కడివో తెలియలేదు.

వంగి చూశాను. సీటు కింద బ్యాటరీ పెట్టె ఉంటుంది. దాని మీద నాలుగు మడతలు వేసిన గోనె బస్తా కప్పి ఉంది, తడిసి ముద్దగా. బస్తా అంచు జారి, లావు వైర్లు వచ్చి కలిసే ప్లగ్గు మీద పడి ఉంది. ప్లగ్గు చుట్టూ తెల్లగా ఉప్పు పేరుకుంది. మా ఊరి బోరు నీళ్ళు ఎక్కడ ఆరినా అట్లాగే తెల్లటి మరక మిగులుతుంది. అంటే బస్తా తడపడం ఇయ్యాళ మొదలైంది కాదు.

ఆ పెట్టె నాకు బయటి నుంచి తెలిసినదానికంటే లోపలి నుంచి ఎక్కువ తెలుసు. దాని లోపల ఉన్న ఆకుపచ్చ బోర్డు నేను గీసిందే. కరెంటు ఆటోలు తయారుచేసే కంపెనీలో నేను హార్డ్‌వేర్ డిజైన్ ఇంజినీర్ని. బ్యాటరీ ఎంత వేడెక్కిందో చూసుకుంటూ, మరీ ఎక్కువైతే బండి జోరు తగ్గించి, అప్పటికీ తగ్గకపోతే ఆపేసే బోర్డు అది. ఆఫీసు హైదరాబాదులో. పిల్లలు చిన్నవాళ్ళని, మా ఆయన ఉద్యోగం నాగర్‌కర్నూల్‌లో అని, నేను గద్వాలలో అత్తమ్మ దగ్గరే ఉండి ఇంట్లో నుంచి పని చేస్తాను. నెలకోసారి ఆఫీసుకు పోయి వస్తాను.

"చాచా, ఈ బస్తా ఏంది?" అన్నాను.

మా పిల్లలు అతన్ని చాచా అంటారు కాబట్టి నేనూ అట్లాగే అంటాను. గడ్డానికి మైదాకు పెట్టుకుంటాడు. పిల్లలు ఏడిస్తే జేబులో నుంచి బఠానీలు తీసి ఇస్తాడు.

"అదా మేడం? చల్లగుంటదని. మధ్యాహ్నం ఎండకు ఈ బండి ముసలెద్దు తీరు నడుస్తది. బస్తా తడిపి కప్పితే ఫస్ట్ క్లాస్. ఆటోల అడ్డమీద అందరం గట్లనే చేస్తున్నం."

ఆ మాటతో నాకు మొత్తం అర్థమైంది. వేడిని కొలిచే సెన్సారు పెట్టె లోపల, మూతకు దగ్గరగా ఉంది. పైన తడి బస్తా ఉంటే దానికి అంతా చల్లగానే అనిపిస్తుంది. బండి ఆగదు. కానీ ఆ తడి ప్లగ్గులోకి దిగి లోపలి పిన్నులకు చిలుము పట్టిస్తుంది. చిలుము పట్టిన చోట వేడి పుడుతుంది. ఆ వేడి నా సెన్సారుకు తెలియదు, ఎందుకంటే ప్లగ్గు పెట్టె బయట ఉంది.

అప్పుడు నేనేం చేయాలో ఎవరైనా చెప్పగలరు. పిల్లలందరినీ దించాలి. తాళం చెవి తీయించి బండి ఆపించాలి. నేను చేసింది వేరు. పాప చెయ్యి పట్టి కిందికి లాగాను, బాబును చంకనేసుకున్నాను.

"పాపకు వొళ్ళు వేడిగా ఉంది చాచా. ఇయ్యాళ పంపను."

"ఇద్దరికా మేడం?"

"ఒకరికి వస్తే ఇంకొకరికి వస్తది కదా."

"నాకు జరం లేదమ్మా," అంది పాప. గట్టిగానే అంది. పాప పక్కన రోజూ కూర్చునే అమ్మాయి మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. పాప కోసం ఆపిన చోటులో తన బ్యాగు పెట్టుకుంది. ఆటో కదిలింది. రోడ్డు మీద నీళ్ళ చుక్కలు ఒక గీతలాగా పడుతూ పోయాయి.

గేటు దగ్గరే నిలబడి ఆఫీసుకు ఫోన్ చేశాను. టెస్టింగ్ చూసే అబ్బాయి ఎత్తాడు. అతనిది వనపర్తి, నేను చదువుకున్న ఊరే. అందుకే మా ఇద్దరి మాటలు ఎప్పుడూ ఊరి మాటలే.

"తడి బస్తానా?" అని నవ్వాడు. "మన పెట్టెకు వాననీళ్ళు పోవు మేడం. మనమే పైపుతో కొట్టి చూసినం గద."

"వాన వచ్చి పోతది. ఇది పొద్దంత తడిగనే ఉంటది. ప్లగ్గు మీద పడి ఉంది. ఉప్పు పట్టింది."

నవ్వు ఆగింది. "బండి ఇప్పుడు ఎక్కడుంది మేడం?"

"పోయింది."

"ఖాళీగనేనా?"

నేను ఫోన్ పెట్టేశాను.

ఖాళీగానేనా అని అడిగిన ఆ ఒక్క మాటకు జవాబు చెప్పలేకనే స్కూటీ తాళాలు తీసుకున్నాను. నేను చేసిందేమిటో అప్పుడు అర్థమైందని చెబితే అది నిజం కాదు. పాప చెయ్యి లాగినప్పుడే తెలుసు. అందరినీ దింపితే చాచాకు కారణం చెప్పాలి. చెబితే ఆ బోర్డు ఎవరిదో బయటపడుతుంది. వీధిలో తల్లులంతా వస్తారు, కంపెనీలో మాట వస్తుంది. ఇవన్నీ ఒక్క క్షణంలో నా తలలో తిరిగాయి. చెయ్యి మాత్రం నా ఇద్దరి మీదికే పోయింది.

పిల్లలను అత్తమ్మకు అప్పజెప్పాను. "ఏందమ్మా, బడికి పోలేదు?" అంది. "జరం వచ్చినట్టుంది, జర చూడు అత్తమ్మా," అని బయటపడ్డాను. రెండోసారి అదే అబద్ధం మొదటిసారి కంటే సులభంగా వచ్చింది.

బడి దారిలో రైల్వే గేటు దాటాక పత్తి జిన్నింగు మిల్లు గోడ పక్కన ఆటో ఆగి ఉంది. పిల్లలు లోపలే కూర్చుని ఒకరి టిఫిన్ డబ్బా ఒకరు లాక్కుంటున్నారు. చాచా కిందికి దిగి ఒక పిల్లవాడి వాటర్ బాటిల్ మూత తీస్తున్నాడు. దగ్గరికి రాగానే వాసన తగిలింది. ప్లాస్టిక్ కమురు వాసన. నా పనిలో ఉన్నవాళ్ళకు నిద్రలో తగిలినా ఉలిక్కిపడి లేచే వాసన.

"చాచా, నీళ్ళు పొయ్యొద్దు! పిల్లలను దించండి!"

"ఏం కాలే మేడం, జర గరమైంది. నీళ్ళు పోస్తే లేస్తది."

"ముందు తాళం తీయండి. తీయండి చాచా!"

నేను అరిచిన తీరుకు తాళం తీశాడు. నేను పిల్లలను చేతులు పట్టి దించుతూ గోడ వైపు దూరంగా తోస్తున్నాను. పాప పక్కన కూర్చునే ఆ అమ్మాయి దిగుతూ దిగుతూ అడిగింది. "ఆంటీ, మీ పాపకు జరం తగ్గిందా?"

దాన్ని కూడా గోడ వైపు తోశాను.

రోడ్డు పక్కన పడి ఉన్న ఎండు కట్టెతో బస్తాను పక్కకు జరిపాను. ప్లగ్గు ఒకవైపు కరిగి, వంకరై, గోధుమ రంగు తిరిగి ఉంది. దాని నుంచి సన్నగా పొగ వచ్చి ఆగిపోయింది. మంట లేదు. ఏమీ కాలేదు. నాకు ఈ రెండు మాటలూ ఓదార్పు కాలేదు. ఏమీ కాకపోవడంలో నా చెయ్యి లేదు. బండి తనంతట తాను ఆగింది.

చాచా ప్లగ్గును చూశాడు. పిల్లలను చూశాడు. తర్వాత నన్ను చూశాడు.

"మీరు జరమని దించుకుంటిరి గద."

"అవును."

"జరం గాదన్నట్టు."

"కాదు చాచా."

"తెల్సే దించిండ్రు. మరి వీళ్ళు? వీళ్ళను నా మీద ఇడిసిపెట్టి పోయిండ్రా?" గొంతు పెంచలేదు. పిల్లలు వింటున్నారని కావచ్చు. "నాకు తెల్వదు మేడం. తెలిస్తే నేను నడుపుతనా? నా మనవరాలు కూడా ఎక్కుతది ఈ బండి."

నేను ఏదో అనబోయాను. అతను చెయ్యి అడ్డం పెట్టి రోడ్డు మధ్యలోకి పోయి అటు వస్తున్న ఒక పెట్రోల్ ఆటోను ఆపాడు. పిల్లలను ఎక్కించి, ఒక్కొక్కరి తల మీద చెయ్యి పెట్టి లెక్క చూసుకున్నాడు. బడి గేటు దాకా నేను స్కూటీ మీద వెనకాలే పోయాను. వాళ్ళు లోపలికి పోయేదాకా నిలబడ్డాను. ఎప్పుడూ నా ఇద్దరు కనపడితే తిరిగి వచ్చేసేదాన్ని. మిగతా పిల్లల నడకలు ఎట్లా ఉంటాయో ఆ పొద్దు మొదటిసారి చూశాను. ఒకడు కుంటుతూ గెంతుతాడు. ఒకమ్మాయి నడుస్తూనే రిబ్బను ముడి వేసుకుంటుంది.

తిరిగి మిల్లు గోడ దగ్గరికి వచ్చేసరికి చాచా బీడీ కాలుస్తూ బండికి దూరంగా కూర్చున్నాడు. అడ్డ మీది డ్రైవర్లు ఇద్దరు అప్పటికే చేరారు. నేను చెప్పాను. బస్తా తడి ప్లగ్గును ఏం చేస్తుందో చెప్పాను. తర్వాత, ఇక దాచేది ఏముందని, ఎండకు బండిని ఆపే ఆ బోర్డు చేసింది నేనేనని కూడా చెప్పాను.

వాళ్ళలో సన్నగా, పొడుగ్గా ఉన్నతను నోరు తెరిచాడు.

"అంటే రోజు మధ్యాహ్నం మేం తిట్టేది మిమ్మల్నే అన్నట్టు."

"నన్నే."

"ఎవడో హైదరాబాద్‌ల ఏసీ రూంల కూసోని చేసిండనుకున్నం. గద్వాల్లనే ఉండి చేసిండ్రా అక్కా? మీరు గీ ఎండల తిరగరా?"

రెండోవాడు నవ్వాడు. చాచా నవ్వలేదు. "ఊకో రా," అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "గంత తొందరగ ఆగేటట్టు ఎందుకు పెట్టిండ్రమ్మా? మాది పొట్ట గాదా?" అన్నాడు. అప్పటిదాకా మేడం అన్నవాడు అమ్మా అన్నాడు. దాంతో తల ఎత్తలేకపోయాను.

ఎందుకు పెట్టానో నాకు తెలుసు. ఆ బోర్డు మీద పని చేస్తున్నప్పుడు బాబు పాలు తాగే పిల్లవాడు. ఎక్కడో బండి తగలబడిన వీడియో ఎవరో ఒకరు పంపేవాళ్ళు. అది చూసి, ఉయ్యాలలో ఉన్నవాడి ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసుకునేదాన్ని. పెట్టెలో అన్నిటికన్నా ఎక్కువ వేడెక్కే మూల ఏదో వెతికి సెన్సారును అక్కడే పెట్టాను. ఆపే హద్దు అందరూ అన్నదానికన్నా కిందికి దించాను. వనపర్తి అబ్బాయి అప్పుడే అన్నాడు, "మేడం, మన పాలమూరు ఎండలకు మధ్యాహ్నం బండి నడవదు ఇట్లయితే" అని. "నడవకపోతే నిలబడుతది, తగలబడదు కదా," అన్నాను. అందరూ తల ఊపారు. జాగ్రత్త ఎక్కువైందని ఎవరూ తప్పు పట్టరు. నాగర్‌కర్నూల్ రోడ్ల మీద మేము బండ్లు తిప్పి చూసింది చలికాలంలో. అప్పుడు ఒక్కటీ ఆగలేదు.

నిలబడిన బండిని మనిషి ఏం చేస్తాడో మాత్రం ఆలోచించలేదు. ఎండలో, సీట్లో పిల్లలు ఏడుస్తుంటే, ఊరికే నిలబడి చూస్తాడా? బస్తా తడుపుతాడు. నేనైనా అదే చేస్తాను.

మధ్యాహ్నం ఆఫీసు వాళ్ళతో ఫోన్‌లో మీటింగు. ఫోటోలు పంపాను. మా పై అధికారి మంచివాడే. అయినా మొదట అన్న మాట, "ఇది వాడేవాళ్ళు చేసిన పొరపాటు కింద వస్తుంది కదమ్మా" అని. అతను అట్లా అన్నప్పుడు, సిగ్గు విడిచి చెబుతున్నాను, నా మనసు ఒక్క నిమిషం తేలికైంది. అవునని ఊరుకుంటే అయిపోయేది. వనపర్తి అబ్బాయి కూడా ఏమీ అనలేదు. నాకోసమే ఊరుకున్నాడని తెలుసు.

"కాదు సార్," అన్నాను. "హద్దు మరీ కిందికి పెట్టింది నేను. వాళ్ళు బండి నడుపుకోవడానికి దారి వెతుక్కున్నారు. ఆ దారి ప్లగ్గు మీదికి పోయింది."

తర్వాత పనులు పనుల్లాగానే నడిచాయి. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో తిరిగే బండ్లన్నీ పిలిపించి ప్లగ్గులు చూడాలన్నారు. అప్పటిదాకా బస్తా కప్పిన బండి నడపొద్దని డీలర్లు ఫోన్లు చేయాలన్నారు. సెన్సారు చోటు, హద్దు మళ్ళీ చూడటానికి నన్ను సోమవారం రమ్మన్నారు. ఇదంతా చెప్పుకోదగిన పనే. కానీ పిల్లలున్న బండిని నేను పంపించిన సంగతి ఆ మీటింగులో రాలేదు. అడిగేవాళ్ళు లేరు. వనపర్తి అబ్బాయికి తెలుసు. అతను "ఖాళీగనేనా" అని మళ్ళీ అడగలేదు.

సాయంత్రం చాచాతో కలిసి బస్టాండు పక్కన అడ్డకు పోయాను. తడి బస్తాలు తీసేయమని ఒక్కొక్కరికీ చెప్పాను. "సెన్సారక్క వచ్చింది రో," అని ఎవరో అరిచారు. ఒకతను బస్తా తీసి దులిపి, "మరి రేపు మధ్యాహ్నం నేను విసనకర్రతో ఇసరాల్నా అక్కా, నా బ్యాటరీకి?" అన్నాడు. అందరూ నవ్వారు. మధ్యాహ్నం బండి ఆగితే నీడకు పెట్టి, చల్లారేదాకా ఆగమన్నాను. చెబుతుంటే నాకే వినబుద్ధి కాలేదు. చాచా మధ్యలో కల్పించుకుని, "ఆగుండ్రి. నా బండి ప్లగ్గు చూసి మాట్లాడుండ్రి," అన్నాడు. నా గురించి ఇంకేమీ చెప్పలేదు. చెప్పొచ్చు. చెప్పలేదు.

ఇంటికి వచ్చేసరికి పక్కింట్లో మగ్గం చప్పుడు ఆగిపోయి ఉంది. అత్తమ్మ పిల్లలిద్దరికీ రెండుసార్లు మిరియాల కషాయం తాపించిందట. బాబు ముఖం ఇంకా ముడుచుకునే ఉంది.

"వొళ్ళు మంచుగడ్డ తీరున్నది పోరగాండ్లకు. జరమంటవేంది నువ్వు?" అంది అత్తమ్మ. "బడికి పోకుంటే పోకపాయె, కషాయం తాగిస్తివి నాతోని."

నేను అత్తమ్మకు జరిగింది చెప్పాను, చాచా అడిగిన మాటతో సహా. ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంది. "మనోళ్ళనే ముందు పట్టుకుంటం. ఎవరన్నా గంతే," అంది. నన్ను ఓదార్చడానికే అంది. కానీ "ముందు" అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. ముందు నావాళ్ళను పట్టుకున్నందుకు కాదు, తర్వాత చెయ్యి చాచనందుకు కదా.

అన్నం తింటూ పాప అడిగింది. "అమ్మా, నాకు జరం లేదు కద. మరి ఎందుకు దించినవ్?"

"ఆటో కరాబైంది నాన్నా."

"మరి నా దోస్తును ఎందుకు దించలే?"

"తిను, పెరుగు వేస్త."

"నాకు చోటు ఆమెనే ఆపుతది రోజు. ఇయ్యాళ నా చోట్ల బ్యాగు పెట్టుకుంది." పాప నన్ను తప్పు పట్టడం లేదు. లెక్క కుదరక అడుగుతోంది. నేను పెరుగు వేసి, పండుకోండని లేచాను.

పిల్లలు నిద్రపోయాక నాగర్‌కర్నూల్ నుంచి మా ఆయన ఫోన్ చేశాడు. అంతా విన్నాడు. "ఏం కాలేదు కదా, ఇంక ఆలోచించకు," అన్నాడు. సరే అన్నాను. ఏమీ కాకపోతే తప్పు తప్పు కాకుండా పోతుందేమోనని ఆ రాత్రి చాలాసేపు ప్రయత్నించి చూశాను. పోలేదు. ఇప్పుడు ఇది రాస్తున్నప్పుడు కూడా మిల్లు గోడ దగ్గర ఆ అమ్మాయి అడిగిన మాటే చెవిలో ఉంది. దాని తల్లిదండ్రులకు నేను ఇంకా చెప్పనేలేదని ఆ రాత్రే గుర్తొచ్చింది. పిల్ల ఇంటికి పోయి, ఆంటీ వచ్చి మమ్మల్ని దించింది అని నా గురించి మంచిగానే చెప్పి ఉంటుంది.

మర్నాడు పొద్దున జడ వేస్తూ పాపకు, షూ లేసులు కట్టుకోవడం రాక కాళ్ళు చాపి కూర్చున్న బాబుకు చెప్పాను. స్కూటీ మీద తీసుకుపోతానని, దారిలో ముందు పాప దోస్తు ఇంటి దగ్గర, తర్వాత ఆటోలో వచ్చే మిగతా పిల్లల ఇండ్ల దగ్గర ఆగుతామని, బడికి ఆలస్యమవుతుందని చెప్పాను.

"ఎందుకమ్మా?"

"నిన్న మీకు జరం లేదు. ఆటో కింద నీళ్ళు చూసి నాకు భయమైంది. మిమ్మల్ని దించుకుని, మిగతా వాళ్ళను అట్లనే పంపించిన. వాళ్ళ అమ్మలకు అది చెప్పాలె."

"తిడతరా నిన్ను?" అన్నాడు బాబు.

"తిట్టొచ్చు. మీరు పక్కన నిలబడుండ్రి."

పాప జడ నా చేతిలోంచి లాక్కుని నా వైపు తిరిగింది. దోస్తు తన జరం గురించి అడిగితే ఏం చెప్పాలని అడిగింది.

"తగ్గిందని చెప్పకు," అన్నాను. "మా అమ్మ అబద్ధం చెప్పింది అని చెప్పు."